కట్టు విప్పాక మణికట్టు బిగుసుకుపోయింది: స్పాంజి బంతి నొక్కితే సరిపోతుందా?

ఆదివారం_చదువరి అడిగారు:

అమ్మకి 57 ఏళ్లు. కాలు జారి పడుతూ కుడి అరచెయ్యి నేలకి ఆనించింది, మణికట్టు దగ్గర రేడియస్ ఎముక (ముంజేతిలో బొటనవేలి వైపుది) విరిగింది. ఆపరేషన్ అక్కర్లేదని ఎముక సరిచేసి కట్టు వేశారు. 6 వారాలకి కట్టు విప్పి ఎక్స్‌రే తీశారు. ఎముక కదల్లేదు, బాగానే అతుక్కుంటోంది అన్నారు. తీసి పెట్టుకునే స్ప్లింట్ ఒకటి ఇచ్చి, "చెయ్యి ఆడిస్తూ ఉండండి, స్పాంజి బంతి నొక్కండి" అని చెప్పి పంపించారు. అంతకుమించి వివరం లేదు.

ఇప్పుడు పరిస్థితి ఇది. పిడికిలి పూర్తిగా పడట్లేదు. చూపుడువేలు, మధ్యవేలు కొసలకీ అరచేతికీ మధ్య రెండు వేళ్ల ఖాళీ ఉండిపోతోంది. చేతి వెనక వాపు ఉంది, సాయంత్రానికి పెరుగుతుంది. మణికట్టు పైకి కొద్దిగా లేస్తుంది, కిందికి కాస్త నయం. అరచెయ్యి పైకి తిప్పమంటే సగం కూడా తిరగదు. రోజూ బంతి నొక్కుతోంది కానీ పిడికిలిలో తేడా కనబడట్లేదు.

ఎంత నొప్పి వరకూ చేయించొచ్చు? రోజుకి ఎన్నిసార్లు? బంతి సరైనదేనా? స్ప్లింట్ ఎప్పుడు మానెయ్యాలి?

---

కీళ్లగోల:

ముందు ఆ బంతిని పక్కన పెట్టెయ్యండి. ఈ దశలో అందరికీ చెప్పే సలహా అదే, ఈ దశకి సరిపోనిదీ అదే. బంతి అరచేతిలో ఉంటే వేళ్లు బంతి దగ్గరే ఆగిపోతాయి. మీ అమ్మగారికి లోటుగా ఉన్నది ఆ చివరి రెండు వేళ్ల దూరమే. ఎన్ని వందలసార్లు నొక్కినా ఆ దూరంలోకి వేళ్లు వెళ్లనే వెళ్లవు. పైగా వాపు తగ్గకుండా గట్టిగా నొక్కితే టెండన్లు (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లు) రేగి నొప్పి పెరుగుతుంది. బలం తర్వాతి మాట. ఇప్పుడు వరస ఇది: వాపు, వేళ్లు, ఆ తర్వాత మణికట్టు.

వాపు ఎందుకు ముందంటే, చేతి వెనక చర్మం వదులుగా ఉంటుంది కాబట్టి నీరంతా అక్కడే చేరుతుంది. పిడికిలి బిగించాలంటే ఆ చర్మం సాగాలి. సాగాల్సినంతా వాపే వాడేసుకుంటే వేళ్ల మొదటి కణుపులు (పిడికిలి బిగిస్తే పైకి తేలేవి) మడవలేక నిటారుగా ఉండిపోతాయి. ఆ కణుపుల పక్కన ఉండే లిగమెంట్లు (ఎముకని ఎముకకి కట్టిపెట్టే పట్టీలు) కణుపు నిటారుగా ఉన్నప్పుడు వదులుగా, మడిచినప్పుడు బిగువుగా ఉంటాయి. వారాల తరబడి నిటారుగానే ఉంచితే వదులుగా ఉన్న కొలతకే కుంచించుకుపోతాయి. అప్పుడు వాపు పోయినా వేలు మడవదు. అందుకే వేళ్లని మణికట్టు కంటే ముందు పట్టించుకోవాలి.

వాపుకి చేయాల్సింది: వెల్లకిలా పడుకుని లేదా కుర్చీలో వెనక్కి వాలి, దిండ్లు పెట్టి, గుండె కంటే మోచెయ్యి ఎత్తులో, మోచేతి కంటే అరచెయ్యి ఎత్తులో ఉండేలా 15 నిమిషాలు పెట్టాలి. ఊరికే పెట్టి వదిలేస్తే లాభం సగమే. ఎత్తి ఉంచి వీలైనంత పిడికిలి బిగించి విప్పడం, నెమ్మదిగా 20 సార్లు. నీటిని పైకి తోసేది ఆ కండరాల కదలికే. తర్వాత రెండో చేత్తో, వేలికొసల నుంచి మోచేతి వైపు, ఒకే దిశలో తేలికగా నిమరాలి. ఒత్తిడి ఎంతంటే చర్మం కదలాలి, తెల్లబడకూడదు. గట్టిగా పిసికితే వాపు పెరుగుతుంది. రోజుకి మూడుసార్లు చాలు. తగ్గుతోందో లేదో కంటితో తేల్చకండి. కొలతల టేపు మొదటి కణుపుల చుట్టూ వేసి, రోజూ పొద్దున్నే ఒకే సమయానికి కొలిచి రాసుకోండి.

చెయ్యి ఇంకా స్లింగ్‌లో (మెడకి వేసే గుడ్డలో) వేలాడేస్తూ ఉంటే మానిపించండి. స్లింగ్‌లో ఉన్న చెయ్యి వాస్తుంది, పైగా భుజం బిగుసుకుపోతుంది. మణికట్టు విరిగి చివరికి భుజానికి వైద్యం చేయించుకునే వాళ్లు తక్కువేం కాదు. రెండు చేతులూ తలపైకి ఎత్తి దించడం 10 సార్లు, రోజుకి మూడు నాలుగు విడతలు.

వేళ్లకి ఐదు భంగిమలు, ఒక్కోటి 5 సెకన్లు ఆపాలి, మొత్తం వరస 10 సార్లు:

1. వేళ్లన్నీ నిటారుగా.
2. మొదటి కణుపుల దగ్గర మాత్రమే లంబంగా మడిచి, మిగతా వేలంతా నిటారుగా.
3. మొదటి కణుపులు నిటారుగా ఉంచి, పై రెండు కణుపులు మాత్రం మడిచి, కొక్కెం ఆకారంలో.
4. పూర్తి పిడికిలి.
5. మొదటి, మధ్య కణుపులు మడిచి, కొస కణుపు నిటారుగా, వేలికొసలు అరచేతి అడుగుభాగానికి తాకేలా.

ఇన్ని ఎందుకంటే ఒక్కో వేలిని మడిచే టెండన్లు రెండేసి ఉంటాయి. ఒకటి కొస దాకా వెళ్తుంది, ఒకటి మధ్య ఎముక దగ్గరే ఆగిపోతుంది. కదలకుండా ఉంటే రెండూ ఒకదానికొకటి, పక్కనున్న పొరలకీ అతుక్కుంటాయి. కొక్కెం భంగిమలో ఒకదాని మీద ఒకటి ఎక్కువగా జారతాయి. నాలుగోదాంట్లో లోతు టెండన్, ఐదోదాంట్లో పైది పూర్తి దూరం కదులుతాయి. పూర్తి పిడికిలి ఒక్కటే చేయిస్తే మిగతావి అందవు. వేళ్లు దూరంగా చాపి దగ్గరికి చేర్చడం, బొటనవేలి కొసతో ఒక్కో వేలికొసనీ తాకి చివరికి చిటికెనవేలి మొదలు దాకా జార్చడం కూడా కలపండి.

ఇక మణికట్టు. బల్ల మీద టవల్ చుట్ట, దాని మీద ముంజేయి బోర్లా, చెయ్యి బల్ల అంచు దాటి వేలాడుతూ ఉండాలి. ఇప్పుడు పైకి ఎత్తమనండి. ఇక్కడే చాలామంది తప్పు దారి పడతారు, పక్కనున్న వాళ్లు గమనించరు కూడా. మణికట్టుని ఎత్తే కండరాలు నీరసించి ఉంటాయి కాబట్టి, వేళ్లని చాపే కండరాలు ఆ పని నెత్తిన వేసుకుంటాయి. చూస్తే చెయ్యి లేచినట్టే ఉంటుంది, కానీ ముందు వేళ్లు విచ్చుకుని, ఆ ఊపులో చెయ్యి లేస్తుంది. ఇలా నెలరోజులు చేసినా మణికట్టు కండరాలకి పని పడదు. తర్వాత ఏదైనా వస్తువు పట్టుకుని ఎత్తాలంటే, వేళ్లు పట్టులో ఉంటాయి గనుక మణికట్టు కిందికి జారిపోతుంది.

దీనికి తేలికైన పరీక్ష, పెన్ను. వదులుగా పిడికిలిలో ఒక పెన్ను పట్టించి ఎత్తమనండి. పెన్ను జారి పడితే వేళ్లతో మోసం జరుగుతోందని అర్థం. పెన్ను పడకుండా లేచినంత మేరే లెక్క, 10 డిగ్రీలే అయినా సరే. ఎత్తి 5 సెకన్లు ఆపి, నెమ్మదిగా దించాలి. 10 సార్లు.

కిందికి వంచేటప్పుడు దీనికి వ్యతిరేకం: వేళ్లు వదిలెయ్యాలి. పిడికిలి బిగించి కిందికి వంచితే వెనకవైపు టెండన్లు లాగి మధ్యలోనే ఆపేస్తాయి. పక్కలకి అయితే అరచెయ్యి నున్నటి బల్ల మీద గుడ్డపై బోర్లా పెట్టి, ముంజేయి కదలకుండా, కారు అద్దం వైపర్‌లా అటూ ఇటూ జరపాలి. చిటికెనవేలి వైపు ఎక్కువ, బొటనవేలి వైపు తక్కువ వెళ్తుంది, మామూలు చేతికీ అంతే.

నొప్పి: 10కి 4 దాకా పర్వాలేదు, కానీ మానేశాక గంటలోపు మామూలు స్థాయికి రావాలి. అసలు తీర్పు మర్నాడు పొద్దున వస్తుంది. లేచేసరికి చెయ్యి నిన్నటికంటే ఎక్కువ వాచి, ఎక్కువ బిగుసుకుని ఉంటే నిన్న చేసింది ఎక్కువైందని. ఆ రోజు లెక్క సగానికి తగ్గించండి, పూర్తిగా మాత్రం ఆపకండి. మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి చెయ్యొచ్చు.

---

ఆదివారం_చదువరి:

పెన్నుతో చేయించి చూశాను, రెండోసారికే జారిపడింది! ఇంకో రెండు సందేహాలండీ. వేడినీళ్ల బకెట్లో చెయ్యి పెట్టి ఆడించమని ఒకరు, బలంగా లాగి సరిచేయిస్తే ఒక్కరోజులో వదులవుతుందని ఇంకొకరు అంటున్నారు. అరచెయ్యి పైకి తిప్పడానికి ఏం చేయించాలో కూడా చెప్పండి, అన్నిటికంటే అదే ఇబ్బందిగా ఉంది.

---

తడిటవల్:

బలంగా లాగించొద్దు. ఆ ఒక్క మాట మీద రాజీ లేదు. బిగుసుకున్న కీలు చుట్టూ ఉన్న పొర కుదుపుకి సాగదు, చిరుగుతుంది. చిరిగిన చోట మళ్లీ వాపు, నెత్తురు చేరి, ఇంకా గట్టి మచ్చ కడుతుంది. మొదటిరోజు వదులైనట్టే ఉంటుంది, వారానికి మొదటికంటే బిగుస్తుంది. అతుకు ఇంకా ముదరని ఎముక మీద అంత బలం పడటం వేరే ప్రమాదం. 6 వారాలకి అతుకు పడిందంటే కదపడానికి సరిపడా అని మాత్రమే అర్థం. ఆ అతుకు మామూలు ఎముకగా గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఇలాంటి పొరలకి తక్కువ బలం, ఎక్కువసేపు కావాలి. సుఖంగా భరించగలిగే సాగుడు 30 సెకన్లు ఆపడం, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి లాగడం కంటే వెయ్యి రెట్లు మేలు.

వేడి మంచిదే, బకెట్టే బాగోదు. చెయ్యి కిందికి వేలాడేసి వేడినీళ్లలో పెడితే రక్తనాళాలు విచ్చుకుని వాపు పెరుగుతుంది. బదులుగా గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన టవల్ చేతికి చుట్టి, పైన పొడి టవల్ కప్పి, దిండు మీద ఎత్తులో పెట్టి 10 నిమిషాలు ఉంచండి. ఆ వెంటనే వ్యాయామం. వెచ్చదనం ఉన్న ఆ కాసేపే పొరలు బాగా సాగుతాయి. వేడి సరిచూడటం రెండో చేత్తోనే. విరిగిన చేతిలో స్పర్శ మందంగా ఉంటే కాలినా తెలియదు. వ్యాయామం తర్వాత చెయ్యి వెచ్చబడి ఉబ్బితే గుడ్డలో చుట్టిన ఐసు 8 నుంచి 10 నిమిషాలు పెట్టండి. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు.

కీళ్లగోల గారు రెండు గంటలకోసారి అన్నారు. వేళ్ల వరకూ ఒప్పుకుంటాను. మణికట్టుకి మాత్రం, వాపు ఇంకా సాయంత్రాలు పెరుగుతున్న చేతికి అది ఎక్కువ. పదేసి నిమిషాలు రోజుకి నాలుగైదు విడతలు చాలు, మిగతా సమయం చేతిని చిన్న పనుల్లో పెట్టండి. గుండీలు పెట్టుకోవడం, మొహం కడుక్కోవడం, పుస్తకం పేజీలు తిప్పడం, బట్టలు మడత పెట్టడం. మెదడు ఆ చేతిని మళ్లీ లెక్కలోకి తెచ్చుకునేది ఈ పనులతోనే. బరువు మాత్రం అర కిలో దాటొద్దు. నీళ్ల బిందె, కుర్చీ జరపడం, తడిగుడ్డ గట్టిగా పిండటం, బిగుసుకున్న మూత తిప్పడం, అరచేతి మీద ఆని లేవడం ఇవన్నీ ఇప్పుడొద్దు.

అరచెయ్యి పైకి తిప్పడం గురించి. ముంజేతిలో రెండు ఎముకలు. చిటికెనవేలి వైపు ఉండే అల్నా కదలకుండా ఉంటుంది, రేడియస్ దాని చుట్టూ దొర్లుతుంది. విరిగింది ఆ దొర్లే ఎముకే, అదీ మణికట్టు దగ్గర రెండు ఎముకలు కలిసే కీలు పక్కనే. ఆ కీలు ముందువైపు పొర బిగుసుకుంటే పైకి తిరగడం ఆగుతుంది. సాధారణంగా అన్నిటికంటే ఆలస్యంగా తిరిగొచ్చే కదలిక ఇదే, కంగారు పడకండి.

కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, మోచెయ్యి లంబంగా మడిచి పక్కటెముకలకి ఆనించండి. మధ్యలో ఒక చిన్న టవల్ చుట్ట పెట్టి, అది పడిపోకుండా పట్టుకోమనండి. ఆ చుట్ట ఎందుకంటే, ముంజేయి తిరగనప్పుడు మనిషి మొత్తం పక్కకి ఒరిగి, మోచెయ్యి పొట్ట మీదికి తెచ్చి తిరిగినట్టు చూపిస్తారు. చుట్ట పడితే దొరికిపోతారు. పిడికిలిలో పెన్ను నిలువుగా పట్టించండి, బొటనవేలు పైకి ఉండేలా. అది సున్నా. అక్కడి నుంచి పెన్ను బయటివైపు ఎంత వాలితే అన్ని డిగ్రీలు. పూర్తిగా పడుకుంటే 90, మంచి చెయ్యి కూడా సుమారు 80 నుంచి 85 దాకానే వెళ్తుంది. రోజువారీ పనుల్లో చాలావాటికి అటు 50, ఇటు 50 డిగ్రీలు సరిపోతాయి. ముందు ఆ 50 లక్ష్యంగా పెట్టుకోండి. తిరిగినంత తిప్పి 5 సెకన్లు ఆపి వెనక్కి, 10 సార్లు.

తనంతట తాను తిప్పగలిగింది అయిపోయాక రెండో చేత్తో కొంచెం సాయం చెయ్యొచ్చు, డాక్టరు అతుకు గట్టిదన్నాకే. పట్టుకునే చోటు ముఖ్యం. అరచేతినో వేళ్లనో పట్టుకుని తిప్పకండి. ఆ మెలి అంతా మణికట్టులోని చిన్న ఎముకల మీద, చిటికెనవేలి వైపు ఉండే మెత్తటి పొర మీద పడి కొత్త నొప్పి పుట్టిస్తుంది. మణికట్టు మడతకి కొంచెం పైన, ముంజేతి ఎముకనే పట్టుకుని తిప్పాలి. 30 సెకన్లు, మూడుసార్లు.

8 వారాలు దాటాక చిన్న సుత్తి పనికొస్తుంది. తల దగ్గరగా పట్టుకుని మొదలుపెట్టాలి, దాని బరువే నెమ్మదిగా చేతిని బయటికి వాలుస్తుంది. సులువనిపించాక పట్టు పిడి చివరివైపు ఒక్కో అంగుళం జరపండి. సుత్తి అదే, పట్టు జరిగినకొద్దీ చేతి మీద మెలి పెరుగుతుంది. మొదటిరోజే పిడి చివర పట్టుకుంటే మర్నాడు చెయ్యి ఎత్తలేరు.

---

ఎక్స్‌రేకళ్లు:

వ్యాయామాల గురించి పైవాళ్లు చెప్పినదానికి నేను కలిపేదేం లేదు. వ్యాయామంతో తగ్గనివి, ఆగకుండా డాక్టరుకి చూపించాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి ఇంట్లోనే పట్టుకోవచ్చు.

మొదటిది బొటనవేలు. అరచెయ్యి బల్ల మీద బోర్లా ఆనించి, బొటనవేలు ఒక్కదాన్నే బల్ల మీంచి పైకి ఎత్తమనండి. వారానికోసారి చూడండి. బొటనవేలిని చాపే పొడుగాటి టెండన్ రేడియస్ వెనకవైపు చిన్న గుబ్బ పక్కన, ఇరుకు గాడిలో వంపు తిరిగి వెళ్తుంది. ఆ చోట రక్తం అందడమే తక్కువ. ఎముక విరిగాక గాడిలో వాపు, రాపిడి చేరి టెండన్ అరిగి తెగిపోవచ్చు. చిత్రమేమిటంటే ఇది ఎక్కువగా ఎముక పెద్దగా జరగని, ఆపరేషన్ అవసరం లేని విరుగుళ్లలోనే కనిపిస్తుంది, మీ అమ్మగారిలాంటి కేసులోనే. దెబ్బ తగిలిన మూడు వారాల నుంచి మూడు నెలల మధ్య ఎక్కువ. తెగినప్పుడు పెద్ద నొప్పి ఉండకపోవచ్చు. నిన్న లేచిన వేలు ఇవాళ లేవదు, అంతే. ముందు సూచనగా మణికట్టు వెనక, బొటనవేలు ఆడించినప్పుడు కిరకిరమంటూ నొప్పి రావచ్చు. తెగిన కొసలు అరిగి ఉంటాయి కాబట్టి మళ్లీ కలిపి కుట్టడం సాధారణంగా కుదరదు. చూపుడువేలికి ఉన్న రెండు చాపే టెండన్లలో ఒకదాన్ని ఇటు మళ్లిస్తారు. ఫలితం బాగానే ఉంటుంది.

ఆపరేషన్ చేసి ఎముకకి లోహపు ప్లేటు వేసిన వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వాళ్లు దీనితోపాటు బొటనవేలి కొస కణుపు మడవగలుగుతున్నారో కూడా చూసుకోవాలి. అరచేతి వైపు వేసిన ప్లేటు అంచు ఆ మడిచే టెండన్‌ని రాపిడి చెయ్యగలదు, నెలలూ ఏళ్లూ గడిచాక కూడా.

రెండోది తిమ్మిరి. బొటన, చూపుడు, మధ్య వేళ్లు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కి, ముఖ్యంగా రాత్రి నిద్రలో లేపేస్తుంటే మణికట్టు సొరంగంలో మీడియన్ నరం నలుగుతోందని. విరిగినచోట వాపు వల్ల ఇది మామూలే, వాపుతో పాటే తగ్గుతుంది కూడా. కానీ రోజురోజుకీ పెరుగుతున్నా, బొటనవేలి మొదలు దగ్గర కండ పల్చబడుతున్నా ఎదురుచూడొద్దు.

మూడోది ప్రాంతీయ నొప్పి సిండ్రోమ్, డాక్టర్లు సీఆర్‌పీఎస్ అంటారు. దెబ్బకి మించిన నొప్పి దీని గుర్తు. చీర కొంగు తగిలినా మంట. ఒక చెయ్యి రెండో చేతికంటే వెచ్చగానో చల్లగానో ఉండటం, ఎర్రగానో నీలంగానో రంగు మారడం, ఒక్క చేతికే చెమట, గోళ్లు, వెంట్రుకలు వేరుగా పెరగడం, వేళ్లన్నీ కర్రల్లా బిగియడం. కట్టు విప్పిన కొత్తలో కాస్త వెంట్రుకలు పెరగడం, చర్మం పొట్టు రాలడం అందరికీ ఉంటుంది, దానికి భయపడకండి. పైవాటిలో రెండుమూడు కలిసి, నొప్పి తగ్గే బదులు పెరుగుతుంటే ఆ వారంలోనే చూపించండి. త్వరగా మొదలుపెడితే దారికొస్తుంది. ఇలాంటి చేతిని బలవంతంగా వంచడం, అలాగని భయపడి దాచిపెట్టడం, రెండూ చేటే. మెత్తటి గుడ్డతో మొదలుపెట్టి క్రమంగా గరుకు గుడ్డ దాకా రుద్ది అలవాటు చెయ్యడం, అద్దంలో మంచి చెయ్యి కదలిక చూపిస్తూ చేయించే అద్దం చికిత్స, వీటిని తెలిసిన థెరపిస్టు దగ్గర మొదలుపెట్టాలి. దెబ్బ తగిలిన రోజు నుంచి 50 రోజులు రోజుకి 500 మిల్లీగ్రాముల విటమిన్ సి వేసుకుంటే ఇది వచ్చే అవకాశం తగ్గుతుందని ఒక అధ్యయనంలో వచ్చింది. తర్వాతి వాటిలో అన్నిచోట్లా అదే ఫలితం రాలేదు. డాక్టరు రాస్తే వేసుకోవచ్చు, దాన్నే నమ్ముకుని ఉండొద్దు.

చిటికెనవేలి వైపు నొప్పి చాలామందికి నెలలపాటు ఉంటుంది, తిప్పినప్పుడూ, ఆని లేచినప్పుడూ. రేడియస్ కాస్త కుంగి అతుక్కుంటే అల్నా పొడుగై ఆ వైపు ఒత్తుతుంది. మూడు నాలుగు నెలలకి కూడా తగ్గకపోయినా, తిప్పితే టక్కుమని చప్పుడు వచ్చినా మళ్లీ ఎక్స్‌రే అడగండి.

ఇంకొకటి, అడగకపోయినా చెప్పాలి. 50 దాటిన మనిషి నిలబడ్డ ఎత్తు నుంచి పడితే విరిగిందంటే, ఎముకల సాంద్రత చూపించుకోవాలి. డెక్సా పరీక్ష చేస్తారు, విటమిన్ డి కూడా చూస్తారు. మణికట్టు విరుగుడు తుంటి, వెన్ను విరుగుళ్ల కంటే చాలా ఏళ్లు ముందు వచ్చే హెచ్చరిక. చాలాచోట్ల ఎముక అతికించి పంపేస్తారు, ఈ పరీక్ష ఎవరూ రాయరు. మీరే అడగండి.

---

అరకిలోడంబెల్:

బలం విషయం నేను చెప్తాను, ఎందుకంటే తర్వాత అందరూ తొందరపడేది అక్కడే.

వాపు చాలావరకు తగ్గి, పిడికిలి పూర్తిగా పడి, ఎక్స్‌రేలో అతుకు గట్టిపడింది అన్నాకే మొదలు. మామూలుగా 8 నుంచి 10 వారాలు. మొదట కదలిక లేని వ్యాయామం: మంచి చెయ్యి విరిగిన చేతి వెనక ఆనించి, కదలనివ్వకుండా అడ్డుపెట్టి, పైకి ఎత్తే ప్రయత్నం 5 సెకన్లు, 10 సార్లు. ఉన్న బలంలో మూడోవంతు పెడితే చాలు. అలాగే కిందికి, రెండు పక్కలకీ.

అది నొప్పి లేకుండా అయ్యాక అర కిలో బరువు, లేదా అర లీటరు నీళ్ల సీసా. ముంజేయి బల్ల మీద, చెయ్యి అంచు దాటి. ఎత్తడానికి 2 సెకన్లు, దించడానికి 4. దించడంలో నిదానమే బలాన్ని తెస్తుంది, దబ్బున వదిలేస్తే సగం పని పోయినట్టే. పదేసి చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. వరసగా రెండుసార్లు మూడు విడతలూ నొప్పి లేకుండా పూర్తయితే పావుకిలో పెంచండి. ఒక్కసారి పూర్తయిందని పెంచొద్దు.

పట్టుకి బంతి కంటే థెరపీ పుట్టీ (చేతి వ్యాయామానికి వాడే మెత్తటి ముద్ద) నయం. మెత్తది తీసుకోండి, పిడికిలి పూర్తిగా మూసుకునేదాకా లోపలికి వెళ్తుంది. దాన్ని పొడుగ్గా చేసి బొటన, చూపుడు వేళ్లతో గిల్లడం, బల్ల మీద బిళ్లగా పరిచి వేళ్లు గుచ్చి విప్పార్చడం. వేళ్లు విప్పే కండరాలకి కూడా పని ఉండాలి, నొక్కడం ఒక్కటే చేస్తే సమతూకం పోతుంది. పట్టు బలం కొలిచే పరికరం థెరపిస్టు దగ్గర ఉంటుంది. మోచెయ్యి లంబంగా మడిచి, మూడుసార్లు నొక్కించి సగటు తీస్తారు. మామూలుగా రాసే చెయ్యి రెండోదానికంటే పదిశాతం దాకా బలంగా ఉంటుంది కాబట్టి కుడిచెయ్యి ఎడమతో సమానమైతే పూర్తయిపోయిందనుకోకండి.

అరచేతి మీద బరువు ఆనించడం అన్నిటికంటే చివర, 10 నుంచి 12 వారాలకి, డాక్టరు సరేనన్నాక. దీనికి ఇంట్లో బరువు చూసుకునే తూకం యంత్రం బాగా పనికొస్తుంది. బల్ల మీద పెట్టి, నిలబడి, అరచెయ్యి దాని మీద ఆనించి నెమ్మదిగా ముందుకి ఒరగమనండి. అంకె చూస్తూ ఉండాలి. మొదటివారం 2 నుంచి 3 కిలోల దగ్గర ఆగి, 10 సెకన్లు, ఐదుసార్లు. నొప్పి రాకపోతే వారానికి ఒకటి రెండు కిలోలు పెంచండి. "కొంచెం ఆనించు" అంటే ఒకరికి కిలో, ఇంకొకరికి పది కిలోలు. తూకం ఉంటే ఆ గొడవ లేదు. మణికట్టు వెనక్కి 60 డిగ్రీలైనా వంగకపోతే అరచెయ్యి చదునుగా ఆనదు, అప్పటిదాకా పిడికిలి మీదో, అంచు పట్టుకునో చేయించండి. అక్కడి నుంచి గోడకి ఆని తోయడం, తర్వాత బల్ల అంచు. నేల మీద చివర.

వేగం గురించి: మొదటి మూడు నెలల్లో వచ్చే మార్పు ఎక్కువ, ఆరు నెలల దాకా బాగానే వస్తుంది. ఆ తర్వాత ఏడాది వరకూ, కొందరికి ఇంకా కొన్నాళ్లు, నెమ్మదిగా వస్తూనే ఉంటుంది. రెండు వారాలు ఒకే అంకె దగ్గర ఆగిపోవడం మామూలే. నెలరోజులు కదలకపోతే మాత్రం థెరపిస్టుకి చూపించండి, వేసుకుని పడుకునే సాగుడు స్ప్లింట్లు ఉంటాయి.

---

ఆదివారం_చదువరి:

అందరికీ ధన్యవాదాలండీ. డెక్సా గురించి మాకు ఎవరూ చెప్పలేదు, అడుగుతాను. బొటనవేలు లేస్తోంది. స్ప్లింట్ సంగతి ఒక్కటి మిగిలిపోయింది. ఇప్పుడు పగలూ రాత్రీ వేసుకునే ఉంటోంది, తీస్తే భయమంటోంది.

---

కీళ్లగోల:

భయం సహజమేనండీ, ఆరు వారాలు కట్టులో ఉన్న చెయ్యి కదా. కానీ పగలంతా వేసుకుంటే చేయించిన వ్యాయామం అంతా వృథా. మీ డాక్టరు వేరేగా చెప్పి ఉంటే తప్ప ఇలా తగ్గించండి. ఈ వారం ఇంట్లో కూర్చుని ఉన్నప్పుడు తీసెయ్యాలి, ముందు గంట, తర్వాత రెండు గంటలు, అలా పెంచుతూ. బయటికి వెళ్లినప్పుడు, జనంలో, రాత్రి నిద్రలో ఉండనివ్వండి. వచ్చేవారం రాత్రి కూడా తీసెయ్యొచ్చు, నిద్రలో చెయ్యి కింద పడి నలుగుతుందనుకుంటే ఇంకో వారం. మూడు వారాలకి జనంలోకి వెళ్లేటప్పుడు తప్ప అవసరం ఉండకూడదు.

ఇంకో సంగతి, అసలు ముందే అడగాల్సింది. స్ప్లింట్ వేసి ఉండగా అమ్మగారి అరచెయ్యి చూడండి. వేళ్ల మొదళ్లకి కాస్త కింద, అరచేతిలో అడ్డంగా ఉండే మడత గీత పూర్తిగా కనబడాలి, చిటికెనవేలి వైపు కూడా. రెడీమేడ్ స్ప్లింట్లలో లోపలి రేకు చాలాసార్లు ఆ గీత దాటి వేళ్ల మీదికి వస్తుంది. అలా ఉంటే మొదటి కణుపులు లంబంగా మడవలేవు, మీరు చెప్పిన రెండు వేళ్ల ఖాళీకి అది కూడా ఒక కారణం అయ్యుండొచ్చు. గీత కప్పేస్తుంటే రేకు బయటికి లాగి, ఆ కొస గీతకి అర సెంటీమీటరు కిందకి వచ్చేలా వెనక్కి వంపించి మళ్లీ దూర్చండి. వంగకపోతే ఇచ్చినచోటే చిన్న సైజు అడగండి. బొటనవేలి మొదట్లో పట్టీ ఒరుసుకుని ఎర్రబడిందేమో కూడా చూసి, పట్టీలు ఒక వేలు దూరేంత వదులుగా కట్టండి.